తాతగారి కుర్చీ కింద తాళం

సౌండ్ పనిలోకి వస్తున్న పిల్లలకి ముందే చెబుతున్నాను, ఈ ఉద్యోగంలో మిమ్మల్ని ఎవరూ చూడరు. హాల్లో జనమంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగి మీ వంక చూశారంటే ఏదో తగలడిందని అర్థం. జుట్టు నెరిసేదాకా ఈ పనే చేసి, మొన్న వేసవిలో రిటైరయ్యాను. నా సర్టిఫికెట్ల గురించీ జీతాల గురించీ ఇందులో ఒక్క ముక్క కూడా ఉండదు. అవి నాకే సరిగ్గా గుర్తులేవు. గుర్తున్నవల్లా పాటలు, తెగిన వైర్లు, ఒక క్యూబా పెద్దాయన, ఆయన మనవరాలు, రెండు పొట్టి కర్రలు.

నా పేరు సరోజ. పుట్టింది తెనాలి. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి, పెళ్ళయ్యాక మావారు చలపతితో కెనడాలో, విన్నిపెగ్‌లో దిగాను. ఆ చలిలో ఇంట్లో కూర్చుని గోడలు చూడలేక, దగ్గర్లోని కమ్యూనిటీ హాల్లో పాడైన మైకులు బాగుచేసే పనికి కుదిరాను. బాగుచేసినవాళ్ళే అది పలుకుతోందో లేదో చూడాలి కదా, అలా బల్ల దగ్గర్నుంచి స్టేజీ దగ్గరికీ, అక్కణ్ణించి మీటలన్నీ ఉండే సౌండ్ బోర్డు వెనక్కీ చేరాను. తర్వాత టొరంటో పక్కనే ఉన్న వాన్ అనే ఊరికి మారిపోయాం. చలపతి మాత్రం స్నేహితులకి "మా ఆవిడ ఎలక్ట్రానిక్స్‌లో ఉందండీ" అనే చెప్పేవారు. అసలు సంగతి చెబితే మైకుసెట్టు మనిషి అనుకుంటారని ఆయన భయం. నేను మైకుసెట్టు మనిషినే, అందులో దాచుకోవడానికి ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు.

గార్త్ చెప్పిన మంచీ, చెప్పిన చెడూ

టొరంటో వచ్చాక నాకు దొరికిన బాసు గార్త్. మనిషి భారీ, గొంతు అంతకంటే భారీ. ఆయన దగ్గర నేర్చుకున్న గొప్ప పాఠం ఒకటే. చేతులు బోర్డు మీద ఉంటే ఏదో ఒకటి తిప్పాలనిపిస్తుంది, అందుకని పాట బాగా నడుస్తున్నప్పుడు చేతులు తీసి జేబులో పెట్టుకోమనేవాడు. మీలో చాలామంది స్క్రీను మీద రంగురంగుల గీతలు చూస్తూ, ఊరికే ఉండలేక ఏదో ఒకటి కెలుకుతారు. ఊరికే ఉండటం కూడా పనేనని నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఒక విషయంలో మాత్రం గార్త్ మాట విని బోల్తాపడ్డాను. సరస్సు ఒడ్డున వేసవి ఉత్సవం, స్టేజీ మీద క్యూబా బ్యాండు. ఒకాయన చేతిలో రెండు కర్రలున్నాయి. అప్పడాల కర్రని సగానికి కోస్తే ఎంతుంటాయో అంతే. ఆయన పాట మొత్తం వాటిని టక్ టక్ మనిపిస్తూనే ఉన్నాడు. ఆ చప్పుడు చెవిలో పొడుస్తోంది, తీసిపారెయ్యమని గార్త్ వాకీటాకీలో అరిచాడు. బాసు చెప్పాడు కదా అని జనానికి వినపడే స్పీకర్లలోంచే కాదు, వాయించేవాళ్ళ ముందుండే స్పీకర్లలోంచి కూడా తీసేశాను.

కాసేపటికి డోళ్ళ ఆయన బేస్ ఆయన వంక చూశాడు. బేస్ ఆయన ఆకాశం వంక చూశాడు. పాట నాలుగు దిక్కులకీ నడవడం మొదలుపెట్టింది. అప్పుడు స్టేజీ మీద ముందు వరసలో కూర్చున్నాయన లేచి, చేతిలోని వాద్యంతో సహా మెట్లు దిగి నేరుగా నా బోర్డు దగ్గరికి వచ్చాడు. జనం జనమంతా వెనక్కి తిరిగి నన్ను చూశారు. తిడతాడనుకున్నాను గానీ ఆయన నవ్వుతున్నాడు. తన వచ్చీరాని ఇంగ్లీషులో, "అమ్మాయ్, నువ్వు మా ఇంటి దూలం పీకేశావు. ఇల్లింకా ఎందుకు నిలబడి ఉందో నాకే తెలియడం లేదు" అన్నాడు.

ఆయనే ఎలాదియో. ఆయన వాయించేది త్రెస్, జంట తీగలుండే చిన్న గిటారు లాంటిది. క్యూబా పల్లెల్లో పుట్టిన సోన్ అనే పాట దాని మీదే నడుస్తుంది. ఆయన నా బోర్డు చెక్క మీద వేళ్ళతో కొట్టి చూపించాడు. మూడు దెబ్బలు ఎడంగా, కాస్త ఆగి, రెండు దగ్గరగా. టక్, టక్, టక్, ఆగి, టక్ టక్. అంతే. మిగతా వాద్యాలన్నీ ఆ అయిదు దెబ్బల్ని పట్టుకునే వేలాడతాయి. ఒకడు పొరపాటున మూడుండే చోట రెండనుకుని దూరాడంటే, కుడికాలి చెప్పు ఎడమకాలికి వేసుకుని నడిచినట్టే ఉంటుంది.

చిన్నప్పుడు మా అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నా తొడ మీద తాళం వేసేది. సమానంగా పడే ఆ దెబ్బలే నాకు తెలుసు. ఈ వంకర తాళం ఒంటికి పట్టడానికి ఒక చలికాలం మొత్తం పట్టింది. గరిటెతో గిన్నె మీద సాధన చేస్తుంటే, సాంబారు పెడుతున్నావా సంతలో పాత్రలు అమ్ముతున్నావా అని చలపతి అడిగేవారు. వసంతం వచ్చేసరికి ఆయనే స్నానం చేస్తూ బకెట్టు మీద అదే తాళం కొట్టడం విన్నాను.

తాత డబ్బా, మనవరాలి డబ్బా

ఆ తర్వాత ఎలాదియో బ్యాండు ఎక్కడ వాయించినా బోర్డు దగ్గర నేనే ఉండేదాన్ని. ఆయన పగలు గిడ్డంగిలో పెట్టెలు సర్ది, వారాంతాల్లో తెల్ల చొక్కా వేసుకుని స్టేజీ ఎక్కేవాడు. ఆయన మనవరాలు యానెలిస్ బ్రాంప్టన్‌లో పెరిగింది. ఆ పిల్లకి సంగీతం ఒంట్లో ఉంది గానీ అది తాతగారి సంగీతం కాదు. హవానా వీధుల్లో ఇప్పటి కుర్రకారు ఎగిరే పాటలుంటాయి, కింద దడదడ, పైన కేకలు. అలాంటివి ల్యాప్‌టాప్‌లో తయారుచేసి పాడేది. వాయించేవాళ్ళు దారి తప్పకుండా ల్యాప్‌టాప్ వాళ్ళ చెవిలో టిక్కు టిక్కుమంటూ ఉంటుంది.

ఆ టిక్కు దగ్గరే ఇద్దరికీ చెడింది. ఆ డబ్బాకి చెమట పట్టదు, చెమట పట్టనిదాని వెనక నేను నడవను అని తాత. మీరు ప్రతి పాటనీ చివరికొచ్చేసరికి పరుగెత్తిస్తారు, మీ వెనక ఎవరు నడుస్తారు అని మనవరాలు. నా తీర్పు అడిగితే ఇద్దరూ చెప్పింది నిజమే. తమాషా ఏమిటంటే, ఆ పిల్ల దడదడ కూడా సరిగ్గా ఆ అయిదు దెబ్బల మీదే కూర్చుంటుంది. తాతగారిల్లే, పైన ఇంకో అంతస్తు వేసింది. ఆ మాట ఆయనకి ఎన్నిసార్లు చెప్పినా వినిపించుకునేవాడు కాదు. కొన్నేళ్ళు ఇద్దరూ ఒకే స్టేజీ ఎక్కలేదు.

ఇంతలో యానెలిస్‌కి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు మన తెలుగబ్బాయే, బ్రాంప్టన్ కార్తీక్. రిసెప్షన్‌లో ఒక్క పాట కలిసి చేద్దామని ఆ పిల్ల తాతని అడిగింది. పాట ఆయన పాతదే, వెనక నడిపించేది మాత్రం తన ల్యాప్‌టాప్. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకున్నాడని వినగానే నాకు అనుమానం వచ్చింది.

రెండు రోజులకి ఆయనే మా ఇంటికొచ్చి వంటింట్లో కూర్చున్నాడు. చలపతి ఇచ్చిన కాఫీ తాగి, కప్పు కింద పెట్టి చెప్పాడు.

"సరో, ఆ కర్రల చప్పుడు నాకు వినపడటం మానేసింది."

"ఎప్పటినుంచి?"

"నువ్వు నా కుర్చీ గురించి అడగటం మానేసినప్పటినుంచి."

కొన్నేళ్ళుగా ఆయన స్టేజీ మీద కుర్చీని పక్కకి తిప్పుకుని, జనం వైపు కాకుండా కర్రలాయన వైపు కూర్చునేవాడు. నడుంనొప్పి అనేవాడు, నేను నమ్మి ఊరుకున్నాను. నిజానికి ఆయన తాళాన్ని వినడం లేదు, ఆ చేతుల్ని చూస్తున్నాడు. సన్నటి శబ్దాలన్నీ ఆయన చెవుల్లోంచి వెళ్ళిపోయాయి. వినికిడి యంత్రం పెట్టుకుంటే బ్యాండు మధ్యలో అంతా కీచుమంటోందట. బేస్ వినపడుతుంది గానీ సోన్‌లో బేస్‌ని నమ్ముకుని నడవలేం, అది ఎప్పుడూ పడాల్సిన చోటికంటే ముందే వచ్చేసి కూర్చుంటుంది. ఇప్పుడు కర్రలాయన కూతురి దగ్గర ఉండటానికి కాల్గరీ వెళ్ళిపోయాడు. ల్యాప్‌టాప్‌కి చేతులు లేవు.

యానెలిస్‌కి చెప్పేద్దాం అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. చెబితే ఆ పిల్ల జాలిపడి ల్యాప్‌టాప్ పక్కన పెడుతుందట. తన పాటలోకి తాతని ఇన్నాళ్ళకి పిలిచింది, సాటి వాద్యగాడిలాగా వెళ్ళాలి గానీ మొక్కుబడి ముసలాడిలాగా కాదట.

"ఆ రోజు గనక దారి తప్పితే త్రెస్‌ని పెట్టెలో పెట్టేస్తాను. ఇంక తియ్యను," అన్నాడు. ఊరికే అనలేదు, అది నాకు తెలుసు. నాకు ఏడుపొచ్చింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని జీవితమంతా సరదాగా వాడిన సామెత ఆ రోజునుంచి నా నోటికి రాలేదు.

అనసూయగారి రంగప్రవేశం

పెళ్ళికొడుకు తల్లి అనసూయ. బ్రాంప్టన్‌లో ఆడవాళ్ళకి కోలాటం నేర్పుతుంది. ఆదివారం పొద్దున కమ్యూనిటీ సెంటర్ జిమ్‌లో ఆవిడ క్లాసు జరుగుతుంటే పక్కవాళ్ళు బాస్కెట్‌బాల్ ఆడటానికి భయపడతారు. పాట రిహార్సల్‌కి వేరే చోటు దొరక్క, ఆవిడ క్లాసయ్యాక ఆ జిమ్‌లోనే పెట్టుకున్నాం.

ల్యాప్‌టాప్‌లోంచి కర్రల చప్పుడు రాగానే అనసూయ మొహం వెలిగిపోయింది. "అయ్యో, మీకూ కోలాటం ఉందా, ముందే చెప్పరేం?" అంటూ తన మందనంతా లేపింది. ఇంక చూసుకోండి, ఆడవాళ్ళందరూ కోలలెత్తి, ఒకటీ రెండూ మూడూ నాలుగూ అని సమానంగా, నిబ్బరంగా, ఆ వంకర తాళం నెత్తి మీద దంచడం మొదలుపెట్టారు. ఇలాంటి పొరపాటు భూమ్మీద మన తెలుగువాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు. రెండు కర్రలు కనపడితే మనం ఆగుతామా? యానెలిస్ పాడలేక కింద కూర్చుని నవ్వింది. నేను బోర్డు మీద తల పెట్టుకున్నాను.

ఎలాదియో మాత్రం కళ్ళు పెద్దవి చేసుకుని ఆ కోలల్నే చూస్తున్నాడు. తర్వాత లేచి అనసూయ దగ్గర రెండు కోలలు అడిగి తీసుకుని, మెల్లగా కొట్టి చూపించాడు. ఆవిడకి పౌరుషం వచ్చింది. ఒక తాళం తనకి రాదంటే ఒప్పుకునే మనిషి కాదు.

"సరోజగారూ, ఇదేదో కుంటి తాళంలా ఉందండీ. మావాళ్ళకి ఎక్కాలంటే టైం పడుతుంది. ఎక్కిస్తాను," అంది.

వారాలు పట్టింది. ఒకావిడ మూడు కొట్టాక ఆగలేక పక్కావిడ గాజులు పగలగొట్టింది. ఇంకొకావిడ కారు నడుపుతూ స్టీరింగ్ మీద సాధన చేసి, సిగ్నల్ దగ్గర వెనకవాళ్ళ చేత హారన్లు కొట్టించుకుంది. వేసవి వచ్చేసరికి అందరికీ పట్టుబడింది. పాట ఆఖరి భాగంలో వాళ్ళు గుండ్రంగా తిరుగుతూ వచ్చి కోలలతో అదే తాళం కొట్టాలని తీర్మానమైంది.

పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుని

ఇంక నా పని మిగిలింది. డ్రమ్ములు వాయించేవాళ్ళు కొందరు కూర్చునే పీట కింద ఒక వణికే యంత్రం బిగించుకుంటారు. శబ్దం చెవికి కాకుండా ఒంటికి తెలుస్తుంది. ఆ యంత్రమొకటి సంపాదించి, ల్యాప్‌టాప్‌లోంచి కర్రల చప్పుడొక్కటే తీసి, దాన్ని లావు దెబ్బగా మార్చి అందులోకి పంపించాను. పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టు, పట్టుచీర కట్టుకుని ఆ ఇనపముద్దని మోసుకుంటూ బాంక్వెట్ హాలుకి వెళ్ళాను. అది నా ఆఖరి షో. కుర్చీ కింద బిగించి, ఎలాదియోని కూర్చోబెట్టి మీట ఎత్తాను.

ఆయన ఒక్కసారి ఎగిరిపడ్డాడు. తర్వాత కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. "తాళం ఇన్నాళ్ళూ చెవిలోంచి వచ్చేది. ఇప్పుడు వచ్చే దారి పెళ్ళివారికి చెప్పకు," అన్నాడు. మా అమ్మ నా తొడ మీద వేసిన తాళం గుర్తొచ్చింది. నేను చేసింది కూడా అదేనని అప్పుడే తోచింది.

సాయంత్రం హాలు నిండింది. యానెలిస్ ఎర్రచీరలో తాత పక్కన నిలబడి పాట ఎత్తుకుంది. త్రెస్ గలగలమంటోంది. ల్యాప్‌టాప్ దడదడ దాని కింద చక్కగా కుదిరింది. తాత పాదం సరిగ్గా పడుతోంది. చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. పట్టుచీరకి జేబులుండవు కదా.

రెండో చరణంలో ఆ పాదం ఆగిపోయింది.

ఆయన నా వంక చూశాడు. బోర్డు మీద అన్నీ బాగానే వెలుగుతున్నాయి. స్టేజీ పక్కకి చూస్తే, కుర్చీ యంత్రానికి కరెంటిచ్చే వైరు నేల మీద పడి ఉంది, దాని చోట్లో టీ కాచే పెద్ద ఎలక్ట్రిక్ డ్రమ్ము హాయిగా ఆవిర్లు కక్కుతోంది. తర్వాత ఎంత విచారించినా ఆ ప్లగ్గు తీసినవాళ్ళు దొరకలేదు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలన్నీ మాయం.

అక్కడికి పరుగెత్తుదామంటే మధ్యలో డాన్సు చేస్తున్న అంకుల్స్ గోడ కట్టేశారు. వాళ్ళ ముందు వరసలో చలపతే ఉన్నారు. ఎలాదియో వేళ్ళు తడబడుతున్నాయి. యానెలిస్ పాడుతూనే తాతవైపు ఓరగా చూసింది. ఇంకో నాలుగు వరసలు ఇలా సాగితే త్రెస్ పెట్టెలోకి పోతుంది.

స్టేజీకి అవతలి పక్కన అనసూయ బృందం కొంగులు బిగించుకుని, తమ వంతు రాలేదు కదా అని మిరపకాయ బజ్జీలు తింటున్నారు. నేను కుర్చీ ఎక్కి నిలబడ్డాను. చేతికి దొరికిన రెండు టార్చిలైట్లూ పైకెత్తి కోలల్లా కొట్టాను. అనసూయ చూసింది. ఇంకా మా టైం కాలేదు కదా అని చేత్తో సైగ చేసింది. అప్పుడు నేను టార్చి వెలిగించి, అంత దూరం నుంచీ వెలుగుని ఆ పెద్దాయన పాదం మీదికి కొట్టాను.

అనసూయ ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నది పాదాల్నే. వలయం అవతలి కొసన ఎవరి అడుగు తప్పినా పట్టేస్తుంది. బజ్జీ ప్లేటు కార్తీక్ చేతిలో పెట్టి, కోలలెత్తి నడిచింది. వెనకే మంద మొత్తం. ఆవిడ జనం మధ్యకి వెళ్ళలేదు, నేరుగా తాతగారి ఎదురుగా వెళ్ళి నిలబడి, ఆయన కళ్ళ ముందు కొట్టింది. టక్, టక్, టక్, ఆగి, టక్ టక్. అందరూ ఒక్కసారి పైకెత్తి, ఒక్కసారి కొట్టారు.

ఆయన కళ్ళు ఆ కోలలకి అతుక్కుపోయాయి. పాదం కదిలింది. త్రెస్ ఒక్క దూకు దూకి మళ్ళీ దారిలో పడింది, ఆ మీద ఆయన అలవాటు ప్రకారం పాటని పరుగెత్తించాడు. కోలాటం వాళ్ళకి మాత్రం పరుగు చేదా, ఆయనతోపాటు ఉరికారు. ల్యాప్‌టాప్ ఒక్కటే వెనక నీరసంగా నడుచుకుంటూ మిగిలింది. యానెలిస్ ఒక క్షణం దాని వంక చూసి, చెయ్యి చాచి మూత మూసేసింది. తాత వైపు తిరిగి, ఇందాక ల్యాప్‌టాప్ కొట్టిన దడదడనే కాలితో స్టేజీ మీద కొట్టడం మొదలుపెట్టింది. ఆయన ఆ కాలు చూశాడు. తన తాళమే అక్కడా ఉందని ఆయన మొదటిసారి చూసింది అప్పుడేననుకుంటాను. ఆయన పెద్దగా నవ్వుతుంటే మైకులోంచి హాలంతా వినపడింది.

హాలు మేనేజరు వచ్చి టైమైపోయింది, ఆపమని గడియారం చూపించాడు. నా ఉద్యోగంలో ఎప్పుడూ టైం దాటలేదు. బోర్డు మీద నాకింక పని లేదన్నాను. దిగి వెళ్ళి అంకుల్స్ గోడలో ఒక ఇటుకనయ్యాను.

మీకు చెప్పదలుచుకున్నది

మీ చెవులు జాగ్రత్త, చప్పుడు తగ్గించే ప్లగ్గులు చెవుల్లో పెట్టుకోండి. ముఖ్యమైన వైరుకి టేపు వేసి, టీ డ్రమ్ము అందుకోలేనంత దూరంలో పెట్టండి. ఎవరైనా కుర్చీ పక్కకి తిప్పుకుంటే నడుంనొప్పి అనగానే నమ్మి ఊరుకోకండి. మిగతాదంతా యంత్రాలు నేర్పుతాయి.

మర్నాడు ఎలాదియోనే మనవరాలికి అంతా చెప్పాడు. ఆ పిల్ల ఏడ్చి, తిట్టి, ఆయన్ని ఆదివారం క్లాసులో చేర్పించింది. త్రెస్ పెట్టె ఇప్పుడు ఆ జిమ్‌లో మూలన తెరిచి ఉంటుంది. తాతగారూ, కాస్త నెమ్మది, మావాళ్ళు పడిపోతున్నారు అని అనసూయ ప్రతి వారం అరుస్తుంది. నేనూ చేరాను, అడుగులు సరిగ్గా రావడంలేదని నన్ను ఆఖరి వరసలో పెట్టింది. ఎలాదియో వలయం మధ్యలో కూర్చుని వాయిస్తాడు. కుర్చీ పక్కకి తిప్పుకోవడం మానేశాడు. ఎటు చూసినా కర్రలే.